ఎదురొచ్చిన మనిషి

రేవుకు దిగే దారిలో మిస్ రాట్రే మళ్ళీ నిలబడి ఉంది.

గాలికి పడిపోకుండా బొమ్మ గీసే స్టాండు కాళ్ళకు రాళ్ళు కట్టింది.

విల్ కార్గిల్ ఆగాడు. వెనక వస్తున్న జాలర్లూ ఆగారు.

పడవెక్కబోతుంటే ఆడమనిషి ఎదురైతే ఆ రోజు వేట లేదు. ఆ ఊళ్ళో తాతల నాటి నియమం అది.

"ఏమ్మా, రంగులు పూయడానికి మా దారే దొరికిందా?" అన్నాడు విల్.

"ఇక్కడి నుంచే ఆకాశం బాగా కనిపిస్తుంది."

"నీకు ఆకాశం సరే. మా వలలో చేప పడొద్దూ?"

"ఇంటికెళ్ళి పడుకో విల్," అంది ఆమె, కుంచె ఆపకుండా.

"పద అన్నా," అన్నాడు విల్ తమ్ముడు గావిన్. "ఇంకాసేపుంటే మనకీ రంగేస్తుంది."

అందరూ వెనక్కి తిరిగారు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. అలలు రేవు గోడ దాటాయి.

"చూశావా? ఆవిడ ఎదురైన రోజే తుఫాను," అన్నాడు గావిన్. "గాలిని మూటగట్టుకుని తెస్తోంది."

మిస్ రాట్రే అద్దెకుంటున్నది విల్ ఇంట్లోనే. ఆ వారమే ఖాళీ చెయ్యమన్నాడు.

"ఈ చలికాలం ఒక్కటీ ఉండనివ్వు," అంది ఆమె.

"కుదరదమ్మా."

కాన్వాసులు బస్సు మీద కట్టించుకుని వెళ్ళిపోయింది.

నవంబరులో ఒక ఉదయం దారి ఖాళీగా ఉంది. పడవలన్నీ సముద్రంలోకి వెళ్ళాయి. మధ్యాహ్నం తుఫాను లేచింది; గావిన్ పడవ తిరిగి రాలేదు.

"ఆవిడ ఊరు విడిచినా ఆవిడ గాలి విడవలేదు," అన్నారు రేవులో.

రెండేళ్ళకు మిస్ రాట్రే చనిపోయిందని పేపర్లో వచ్చింది. స్కాట్లాండ్ సముద్రాన్ని ఆమెలా గీసినవారు లేరని రాశారు. అబర్డీన్ నగరంలో ఆమె బొమ్మల ప్రదర్శన పెట్టారని తెలిసి, విల్‌ను భార్య ఎల్స్‌పెత్ లాక్కెళ్ళింది.

హాల్లో గోడంత కాన్వాసు మీద అల లేచి ఉంది. రంగులో ఇసుక అంటుకుని ఉంది.

విల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత టోపీ తీశాడు.

ఒక్కో బొమ్మ ముందూ ఆగాడు. అన్నిటిలోనూ తుఫానే. అన్నిటిలోనూ పడవలు రేవులోనే కట్టేసి ఉన్నాయి. గావిన్ పడవ కూడా.

"వచ్చిన కొత్తలో, గాలి లేస్తుంది వెళ్ళకండని ఆవిడ మీతో చెప్పిందటగా?" అంది ఎల్స్‌పెత్.

"చెప్పింది," అన్నాడు విల్. "నవ్వాం."

నోటితో చెబితే నవ్వారని, ఆ తర్వాత గాలి లేచే ప్రతి రోజూ ఆమె కావాలనే వాళ్ళకు ఎదురొచ్చింది.