మీను నీళ్ళు

"పద్నాలుగు! చాలు, ఇంక చాంతాడు విప్పు," తిన్నె మీంచి చెల్లసామి కేకేశాడు.

కళ్ళు మూసుకున్నా గిలక కిర్రుమన్న లెక్క ఆయనకు తప్పేది కాదు. కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగళ్ళు వాన మొహం చూసి మూడేళ్ళయింది. ఇంటి బావిలో మిగిలింది మోకాటి లోతు. అందుకే ఇంటికి పది కుండలు, తొట్టిలో పెంచే మీన్లకు నాలుగు. తోడడం కాగానే చాంతాడు ఆయన గదిలోకి చేరిపోవాలి.

మీన్ల కుండలు నాలుగూ ఆయన భార్య కమలం ఒక్కొక్కటే నడింటి గదిలోకి చేర్చి, తలుపు మూసుకుంది. మనుషులు మెదిలితే మీన్లు బెదురుతాయట. ఆ పనిలో రెండో చెయ్యి పడనివ్వదు.

అద్దాల తొట్టి చెల్లసామి ముచ్చట. ఏదో జమీను బంగళాలో చూసొచ్చి, రంగూనులో పనిచేసి తిరిగొచ్చిన విరుదునగరం శంకరలింగం చేత కట్టించాడు. లోపలి అందం మాత్రం కమలానిది. కడిగిన ఏటి ఇసుక పరిచి, వెనక వైపు పొడుగాటి నీటిగడ్డి, ముందు పొట్టి నాచు నాటింది. కళుగుమలై కొండలా ఒక రాయిని ఓ పక్కకు నిలబెట్టింది. దాని చుట్టూ ఐదు కెండె చేపపిల్లలు ఆడుకునేవి. ఇంట్లో మీను ఆడినన్నాళ్ళు బావి ఎండదని జోస్యుడు చెప్పడంతో చెల్లసామికి వాటి మీద భక్తి కూడా పుట్టింది.

రోజూ నీళ్ళు మార్చాలన్న నియమం ఆయనే పెట్టాడు. "రాత్రి నిలిచిన నీళ్ళు పొద్దున్నే పారబోసి కుండ తోముతామే! మనకు పనికిరాని పాత నీళ్ళు మీనుకు మాత్రం పనికొస్తాయా?"

గది తలుపు తెరుచుకునే వేళకు పెరటి గుమ్మం దగ్గర పేచ్చియమ్మాళ్ కాచుకుని ఉండేది. వాళ్ళ కింది వీధి ఊటగుంట సంక్రాంతి నాటి తై నెలలోనే ఎండిపోయింది. ఊళ్ళో బావుల తాడు వాళ్ళు ముట్టకూడదు. ఒకనాడు జ్వరంతో మూలిగే బిడ్డను భుజాన వేసుకొచ్చి, రెండు కుండలు పోయించమని చెల్లసామిని బతిమాలింది.

"ఈ దినం నీకు పోస్తే రేపు వీధంతా వస్తాది," అన్నాడాయన. "కావాలంటే మీన్లకు మార్చిన నీళ్ళు తీసుకపో. ఎట్టాగూ పారబోసేవే."

ఆ దినం నుంచి కింది వీధికి మీను నీళ్ళే గతి.

ఎదురింటి పట్టమ్మాళ్‌కు ఇది చూస్తే ఒళ్ళు మండేది. "ఏందే కమలం, మంచినీళ్ళు మీన్లకా? మీను కంపు నీళ్ళు మనుషులకా? నీకు మనసనేది ఉండాదా?"

"తాగేవాళ్ళకు లేని బాద నీకెందుకు వదినే?" అనేసింది కమలం.

రాతిగుండె మనిషని ఊరంతా చెప్పుకున్నారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా కమలం మనసు చివుక్కుమనేది. అయినా పొద్దున్నే మళ్ళీ నాలుగు కుండలూ గదిలోకి చేరేవి, తలుపు మూసుకునేది.

ఎండాకాలం మొదట్లో, పంగుని నెలలో బావి ఇంకో మెట్టు దిగింది. "రేపు శంకరలింగం వస్తాడు," అన్నాడు చెల్లసామి అన్నం కలుపుతూ. "మీన్లకు ఒక కుండ చాలుతాదేమో అడుగుతా. చాలకుంటే తొట్టి అతన్నే తీసుకపొమ్మందాం."

కమలం సగం అన్నంలోనే చెయ్యి కడుక్కుంది.

మర్నాడు శంకరలింగం బస్సు దిగి వచ్చాడు. తొట్టి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. గడ్డి మొదట్లో వేళ్ళు ఇసుకంతా అల్లుకున్నాయి. నీళ్ళు తేటగా ఉన్నాయి. వేలు ముంచి వాసన చూసి, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. అక్కడ పేచ్చియమ్మాళ్ కుండ తలకెత్తుకోబోతోంది.

"కాసిని నీళ్ళు పొయ్యమ్మా."

"ఇవి మీను నీళ్ళు సామీ."

"పరవాలేదు, పొయ్యి."

చెయ్యి కడుక్కుని, తడి వేళ్ళు మరోసారి వాసన చూసుకుని లోపలికొచ్చాడు. కమలం గోడకు ఆనుకుని కొంగు కొస మెలిపెడుతోంది.

"ఏమయ్యా, ఒక కుండతో సరిపెట్టొచ్చా?" అన్నాడు చెల్లసామి.

శంకరలింగం కమలం వైపు ఒకసారి చూశాడు. "కుదరదయ్యా. ఎండలు ముదిరాయి. నాలుగు కూడా చాలవు, రోజుకు ఆరు మార్చాలి. లేదంటే మీన్లు దక్కవు."

చెల్లసామి మొహం మాడిపోయింది. మీన్లు పోతే బావి పోతుందన్న భయం ఆయనది. "సరే, ఆరే కానీ," అని విసుక్కుంటూ చాంతాడు తేవడానికి గదిలోకి వెళ్ళాడు.

కమలం మజ్జిగ చెంబు తెచ్చి ఇచ్చింది. శంకరలింగం మజ్జిగ తాగి, చెంబు కింద పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు:

"ఈ తొట్టికి మీరు ఒక్కనాడూ నీళ్ళు మార్చలేదమ్మా."