నిప్పు కోసం బోరు

“ఇంట్ల సారా కాస్తవా?” సుజన కొంగు నడుముకు దోపి భర్తకు అడ్డం నిలబడింది.

“సారా కాదే, సారం! కుళ్లిన పండ్ల సారం!” జైపాల్ ఫోన్ ఊపాడు. ఏదో కొత్త నంబరు నుంచి వచ్చిన వీడియో అందులో ఆడుతోంది. “భూమి లోపల ఉడుకుంటది. ఆ ఉడుకుతోనే పులిసిన పండ్ల రసం మరిగిస్తం. దిగిన స్పిరిటే బండికి పెట్రోలు. కట్టెలొద్దు, కరెంటొద్దు. బయోఫ్యూయల్ అంటరు దీన్ని!”

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడిపే జైపాల్‌కు చీరలకన్నా ఐడియాలే ఎక్కువ స్టాకు. ఎల్బీనగర్ ఇంటి డాబా మీద తేనెటీగలు పెంచితే తేనె రాలేదు. అవి కుడితే వాచిన ముఖంతో దవాఖానలో తాగిన ‘టీ’ మాత్రం దక్కింది. ఇన్నాళ్లూ కాలనీకి నోటితో బోరు కొట్టాడు. ఇప్పుడు లారీతో కొట్టిస్తానంటున్నాడు.

“నీళ్లకు బోరెయ్యమంటే రాతినేల, దండగన్నవ్?”

“నీళ్లకు ట్యాంకరొస్తలేదా? నేను నిప్పుకేస్తున్న! ఇది గూడ తుస్సుమంటే జన్మల ఐడియా అనే మాటెత్తను. ఒట్టు!”

“వద్దంటే వద్దు!”

సుజన వద్దన్న పనిని జైపాల్ ఇంతవరకు వదిలిపెట్టింది లేదు.

“ఏస్తే ఏస్కో,” చివరికి ఆమే తగ్గింది. “సంపు పక్కకెయ్, నా పూలకుండీల జోలికి రాకు.”

బోరు లారీ వచ్చింది. పండ్ల బండ్ల దగ్గర ఏరుకొచ్చిన బొప్పాయిలు డ్రమ్ములో పులుస్తుంటే కాలనీ ముక్కు మూసుకుంది.

“నేను నీళ్లకే బోరెయ్యనంటున్న, నువ్వు నిప్పుకా అన్నా?” పక్కింటి హరిప్రసాద్ గోడ మీంచి నవ్వాడు. “లావా వస్తే జర చెప్పు, చాయ్ పెట్టుకుంట.” వెనక అతని భార్య సుప్రియ నవ్వాపుకోలేక లోపలికి పారిపోయింది.

“కుళ్లుకోకు తమ్మీ. కుళ్లడానికి నా డ్రమ్ముల పండ్లున్నయ్!”

యంత్రం రోజంతా రాతిని నమిలింది. సాయంత్రానికి, “సార్, తగిలింది!” అని డ్రిల్లర్ కేక. చెయ్యి కాలకుండా తువ్వాల చుట్టుకుని జైపాల్ ఉరికాడు. ధార ఎగిసి ముఖాన కొట్టింది.

“ఉడుకేదిరా?”

“ఐస్ లెక్కున్నయ్ సార్! మస్తు నీళ్లు! కొబ్బరికాయ కొట్టుండ్రి!”

“ఇంకా లోపలికి పో!”

“మేడం చాలన్నది సార్.”

ఆశల మీద నీళ్లు చల్లడం గురించి విన్నాడు గానీ ఇంత ధారగా చల్లుతారని జైపాల్‌కు తెలియదు. ఆవిరి రాలేదు, ఐడియాయే ఆవిరైంది. నీళ్లు పడ్డాయి, అతను నీరుగారాడు.

“ఒట్టేసిన గద... ఇగ ఐడియాలు బంద్,” అన్నాడు, మీసాల నుంచి నీళ్లు కారుతుంటే.

“పోనియ్ తియ్. ఎట్లనో తొవ్వినం గద, మోటరన్న దింపుదాం,” సుజన కొంగుతో అతని తల తుడిచింది. ఇంత నష్టపోయినా ఒక్క మాటనని భార్య! జైపాల్ కళ్లలోనూ నీళ్లు పడ్డాయి.

తలవంచుకుని డ్రమ్ము దొర్లించుకుంటూ అతను వీధి మలుపు తిరిగాడు. సుజన గోడ దగ్గరికి వచ్చి, మెల్లగా సుప్రియను పిలిచింది.

“నీళ్లు పడ్డయ్ చెల్లె, ఇగ గా వీడియో మీ ఆయనకు గూడ పంపుదాం.”