దిండు గలీబులో సిల్లా

మంచుతుఫానుకు నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో కరెంటు పోయి ఆరు గంటలైంది. వెనకగదిలో, పెంపుడు పాము సిల్లా ఉండే గాజుపెట్టె మీది వేడిదీపం కూడా ఆరిపోయింది. పాము తనంతట తాను వేడి పుట్టించుకోలేదు, చలికి కొయ్యబారిపోతుంది. అందుకే మారెన్ ఆ చీకట్లోనే పెట్టెలో చేయి పెట్టి, చల్లగా, బరువుగా తగిలినదాన్ని దిండు గలీబులోకి జారవిడిచి, మూతి మెలిపెట్టి ముడేసింది. మూటను స్వెటర్ లోపల గుండెకు హత్తుకుని, పొయ్యి పక్కన వేసిన పరుపు మీద దుప్పట్లలో దూరింది. పాములు పెంచేవాళ్లంతా చేసే పనే అది.

"పదకొండేళ్ల కాపురంలో నన్నొక్కసారైనా అలా పొదువుకున్నావా?" అన్నాడు మొగుడు యోస్టైన్.

"నువ్వు గురక పెడతావు. నా సిల్లా పెట్టదు. వెనకగదిలో కట్టెలున్నాయి, పోయి పట్రా."

అతను నవ్వుతూ టార్చి తీసుకుని వెళ్లాడు. బయట గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇల్లంతా చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం.

అప్పుడు తెలిసింది ఆమెకు. మూట వెచ్చగా ఉంది. తన ఒంటికంటే వెచ్చగా ఉంది. పాము మన వేడిని తీసుకుంటుందే తప్ప ఇవ్వదు.

"మారెన్!" వెనకగదిలోంచి కేకేశాడు యోస్టైన్. "దీన్నిక్కడే వదిలేశావేంటే? పెట్టెలో రాయి కింద చుట్టుకుని పడుంది సిల్లా. మంచుగడ్డలా అయిపోయింది, పాపం."

ఆమె మెల్లగా తల వంచి స్వెటర్ లోపలికి చూసింది.

గుండె మీది మూట ఇంకాస్త దగ్గరికి ఒదిగింది. తర్వాత సన్నగా, హాయిగా, గురక పెట్టడం మొదలెట్టింది.