కుంటి స్టూలు

"చేసిన వెధవపనులన్నీ చేసి, ఇప్పుడొచ్చి పనివ్వండి అంటే ఎలా?" అంటూ కుర్చీలోని మనిషి బల్ల మీద ఒక్కటి చరిచాడు.

బల్లకి ఇవతల స్టూలు మీది మనిషి ఉలిక్కిపడ్డాడు. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. కూర్చున్నవాడు ఉలిక్కిపడితే అదీ ఉలిక్కిపడుతుంది.

జైల్లో ఆ గది సైకాలజిస్టుది. ఖైదీలు ఆమెను మనసు డాక్టరమ్మ అంటారు. అక్కడ ఆమె చెప్పిందే చట్టం. ఖైదీ బట్టలు విడిచి సొంత బట్టలు వేసుకుని రావాలి, ఆమె చూపించిన చోట కూర్చోవాలి, అవతలివాడి మాట పూర్తయ్యేదాకా నోరు మెదపకూడదు. ఈ ఆఖరిది తనవల్ల కాదని వార్డరు గుమ్మం బయటే నిలబడతాడు.

శనివారం ఒక ఇళ్ళ దొంగ విడుదలవుతున్నాడు. జైలు వర్క్‌షాపులో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేయడం నేర్చుకున్నాడు. అతనికి పని చూపించాలని డాక్టరమ్మ చెప్పులరిగేలా తిరిగింది. చివరికి ఒకే ఒక్క రిపేరు కొట్టు యజమాని, "పనిస్తానని మాటివ్వను గానీ, వచ్చి మాట్లాడతాను" అన్నాడు. ఇదీ బెడిసికొడితే ఆ దొంగకి గేటు దగ్గర ఎదురొచ్చేది పాత స్నేహితులే. వాళ్ళయితే అడక్కుండానే పనిస్తారు.

"ఎన్ని ఇళ్ళు దోచావు?" అన్నాడు కుర్చీలోని మనిషి. అతని చొక్కా మడతలు చెక్కుచెదరలేదు. ప్రశ్నలు కంఠతా పట్టినట్టు గుక్క తిప్పుకోకుండా వస్తున్నాయి.

స్టూలు మీది మనిషి డాక్టరమ్మ వైపు చూశాడు.

"అటు చూస్తావేం? మూడు. నాకన్నీ తెలుసు."

"తప్పేనండీ."

"తప్పని ఇప్పుడు తెలిసిందా? నిన్ను కస్టమర్ల ఇళ్ళకి పంపితే దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదూ?"

బయట వార్డరు కిసుక్కున నవ్వాడు. డాక్టరమ్మ కళ్ళెర్రజేసేసరికి దాన్ని దగ్గులోకి దింపాడు.

స్టూలు మీది మనిషి నెరిసిన జుట్టులోంచి కారుతున్న చెమట తుడుచుకున్నాడు. అతని చొక్కా జేబు కింద నూనె మరక ఉంది. "నోరెండిపోతోందమ్మా. ఈ స్టూలెక్కితే ఏ పాపం ఎరగనివాడు కూడా నేరం ఒప్పేసుకుంటాడు."

"కాసేపు ఓర్చుకోండి," అని ఆమె నవ్వుతూ మంచినీళ్ళ గ్లాసు జరిపింది.

అంతలో బయట గంట మోగింది. కుర్చీలోని మనిషి చటుక్కున లేచి నిలబడ్డాడు.

"ఏమైంది?" అంది డాక్టరమ్మ.

"ఏం లేదమ్మా, కాళ్ళు పట్టేశాయి," అంటూ మళ్ళీ కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "చెప్పు, ఎందుకు చేశావు?"

స్టూలు మీది మనిషి గ్లాసు పక్కన పెట్టాడు. ఈసారి మాట మెల్లగా వచ్చింది.

"పని కోసం ఎవరి గడప తొక్కినా మొహమైనా చూడకుండా పొమ్మంటే, మనిషికి కడుపు మండుతుందండీ. అది సాకు కాదనుకోండి. అయినా ఒకటి అడుగుతాను. ఇంతసేపూ ఇన్ని అడిగారు గానీ, పని వచ్చా అని ఒక్కసారైనా అడిగారా?"

కుర్చీలోని మనిషి తెల్లబోయాడు. "అది ఎవరూ అడగరు," అని గొణిగాడు.

"ఇప్పుడు అడగండి," అంది డాక్టరమ్మ.

గది మూల టేబుల్ ఫ్యాన్ ముసలమ్మలా మూలుగుతోంది. కుర్చీలోని మనిషి దానివైపు వేలు చూపించాడు. "దానికేం రోగం?"

"నూనె ఇంకిపోయిందండీ. రెండు చుక్కలు వేస్తే సరి."

"నూనె వేస్తే రెండ్రోజులు ఊరుకుంటుంది, అంతే. వెనక ఇరుసు తిరిగే బుష్ అరిగింది. ఆ మూలుగు వింటే తెలియడంలా?"

స్టూలు మీది మనిషి లేచి వెళ్ళి ఫ్యాన్ ఆపాడు. ఇరుసు పట్టుకుని అటూ ఇటూ కదిపి చూశాడు. అది లొడలొడలాడింది.

"నిజమేనండోయ్! బుష్షే!" అన్నాడు. ఓడిపోయినవాడి మొహంలో అంత వెలుగు వార్డరు ఎన్నడూ చూడలేదు.

అతను తిరిగొచ్చి స్టూలు మీద సర్దుకున్నాడు. అది ఒరిగితే రెండు చేతులా బల్ల అంచు పట్టుకున్నాడు. అది చూడగానే కుర్చీలోని మనిషి కోపం చప్పున చల్లారింది. పాపం అనిపించింది.

"ఇక తేల్చండి. ఈ మనిషికి పనిస్తారా?" అడిగింది డాక్టరమ్మ.

కుర్చీలోని మనిషి బల్ల మీద తను చరిచిన చోటే అరచేత్తో నిమిరాడు.

"ఇస్తానమ్మా," అన్నాడు చివరికి. స్టూలు వైపు తిరిగాడు. "కానీ ఒక్క మాట. మొదట్లో నీ వెంట నేనూ వస్తాను. ఆ తర్వాత ఒక్కడివే వెళ్తావు. ఎవరింట్లో ఏ గరిటె కనబడకపోయినా అందరూ నీ పేరే చెబుతారు. నేను మాత్రం ముందు నిన్ను అడుగుతాను. నువ్వు తీయలేదంటే నమ్ముతాను."

స్టూలు మీది మనిషి భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. గుమ్మం బయట వార్డరుకి ఈసారి నిజంగానే దగ్గొచ్చింది.

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చప్పట్లు చరిచింది.

"సరే, ఒకరి చోట ఒకరు కూర్చున్న ఆట చాలు. ఇప్పుడు అసలు యజమాని గారు చెప్పాలి."

స్టూలు మీది మనిషి లేచి, "సోమవారం వచ్చెయ్ తమ్ముడూ," అన్నాడు.