ఒక్క మలుపూ వదలకుండా

కొత్త దారి ఒకటి గీసి ఇమ్మని నాగేంద్రబాబు ఫోన్ చేస్తే, సుమన్ "అలాగే బాబూ" అని పెట్టేశాడు.

వంకాయలు తరుగుతున్న అతని భార్య వనజ కత్తిపీటని పక్కకి తోసింది.

"సిగ్గు నేదేటి బావా నీకు?"

ఆమె మంటకి కారణం ఉంది. సుమన్ పలాసలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాడు. కొన్నేళ్లుగా సెలవు దొరికితే చాలు, సైకిలెక్కేసేవాడు. టెక్కలి కొండల వెనక బాటలు, చెరువు గట్లు, ఉద్దానం తోటల్లో ఇసక దారులు, అన్నీ తొక్కాడు. ఎక్కడ నీడ ఉంటుంది, ఎక్కడ కొబ్బరి బొండాలు దొరుకుతాయి, ఎక్కడ కుక్కలు వెంటపడతాయి, అన్నీ చూసుకుని సైకిలు దారులు తయారుచేశాడు. నలుగురికీ పనికొస్తాయని సైకిల్ క్లబ్బు ప్రెసిడెంటు నాగేంద్రబాబు చేతిలో పెట్టాడు.

నాగేంద్రబాబు వాటిని రంగుల పుస్తకంగా అచ్చేయించాడు. పేరు 'నాగేంద్ర మార్గాలు'. లోపల ఎక్కడా సుమన్ పేరు లేదు. శ్రీకాకుళంలో సభ పెట్టి బాబుకి శాలువా కప్పారు. చిన్నప్పట్నించీ ఊటీ హాస్టల్లో చదివిన మనిషి కావడంతో, తెలుగు ఉపన్యాసాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకుని చదివాడు. చప్పట్లు మోగాయి. వేదిక దిగుతుంటే ఎవరో సుమన్‌ని చూపించి ఈయనెవరని అడిగారు.

"మా క్లబ్బులో టైర్లకి గాలి కొడతాడు" అన్నాడు నాగేంద్రబాబు.

అందరూ నవ్వారు. వనజ అక్కడే ఉంది. ఆ రోజు నుంచి ఆమెకి అన్నం సరిగ్గా దిగడం లేదు.

ఇప్పుడు మునిసిపల్ ఎన్నికలు వస్తున్నాయి. బాబుకి జనంలో పేరు కావాలి. కొత్త దారిని తనే ముందు తొక్కుతాడట. తను తొక్కిన మ్యాపుని పెద్ద ఫ్లెక్సీ వేయించి కాశీబుగ్గ బస్టాండు దగ్గర నిలబెడతాడట.

"ఈసారి ఊరికే ఇవ్వడం నేదు వనజా" అన్నాడు సుమన్. గొంతు పెరగలేదు గానీ, ఆ కళ్లని మాత్రం ఆమె ముందెన్నడూ అలా చూడలేదు. "ఆ దారి ఆడు మొత్తం తొక్కాల. ఒక్క మలుపు ఇడిసిపెట్టినా నా పగ తీరదు."

వనజకి అర్థమైంది. కొండ ఎక్కించి, ఇసకలో దింపి, ఎండలో మాడుస్తాడన్నమాట. బాబు మోకాళ్లు అరిగిపోవాలని రావివలస ఎండల మల్లన్నకి మొక్కుకుంది.

ఆదివారం క్లబ్బంతా టెక్కలి దగ్గర బయల్దేరింది. ముందు నాగేంద్రబాబు, వెనకే సుమన్. రావివలస కొండ పక్కన మెలికలు తిరిగారు, కిందికి గుండ్రంగా చుట్టారు, మళ్లీ పైకెక్కి ఇంకో మెలిక తిరిగారు. బాబు ఫోన్లో, తొక్కిన దారిని మ్యాపు మీద గీతగా గీసే యాప్‌ని అక్కడ ఆపించాడు సుమన్. హైవే మీద తొక్కింది లెక్కలోకి రాదన్నాడు. తూర్పుకెళ్లి ఒక చెరువు దగ్గర మళ్లీ పెట్టించి, గట్టు మీద పూర్తిగా ఒక చుట్టు తిప్పించాడు. ఎక్కినచోటే దింపాడు.

"ఏటి మాస్టారూ, గానుగెద్దునాగ తిప్పుతన్నావు?" అన్నాడు బాబు.

చెరువు గాలి మంచిదన్నాడు సుమన్. మళ్లీ యాప్ ఆపించాడు.

చివరికి జీడితోటలు. ఉత్తరంగా పైకెళ్లి, వంపు తిరిగి, దక్షిణంగా దిగాలి. ఆ వంపు మీద పక్కకి చీలి ఇసకదిబ్బ ఎక్కే బాట ఒకటుంది. ఆ బాటన పోయి, అదే బాటన వెనక్కి రావాలి.

నాగేంద్రబాబు కాలు కింద పెట్టాడు. చక్రాలు దిగబడే ఇసక. "ఎల్లి మళ్లీ ఇక్కడికే రావాల గదా. ఇది వదిలీ."

సుమన్ మొహంలో నెత్తురు ఇంకిపోయింది. ఒక్క క్షణమే. తర్వాత చాలా మెత్తగా అన్నాడు.

"వదిలీద్దాం బాబూ. కుర్రోళ్లకే కట్టం ఇది. మీ వయసుకి..."

బాబు మాట పూర్తి కానివ్వలేదు. హ్యాండిల్ తిప్పాడు. పళ్లు బిగించి దిబ్బ ఎక్కాడు, దిగాడు, తోటలు దాటి దక్షిణాన రోడ్డు మీద పడ్డాడు. చెమటలు కక్కుతున్నాడు గానీ మనిషికి ఏమీ కాలేదు. పైపెచ్చు ఒళ్లు తేలికైందని రెండు బొండాలు తాగాడు.

ఇంటికొచ్చిన సుమన్‌ని వనజ కడిగేసింది.

"రోడ్డు మీద సూసాను. పెళ్లికొడుకునాగ నవ్వుకుంటా పోతన్నాడు. పగంటే ఆడికి కసరత్తు సేయించడమేటి బావా?"

సుమన్ మజ్జిగ తాగి, సాయంత్రం మంచి చీర కట్టుకోమన్నాడు.

బాబు తన మ్యాపుని క్లబ్బు గ్రూపులో పెట్టాడు. చాలాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత జీడిపప్పు వ్యాపారి రామూర్తి ఒక బొటనవేలి బొమ్మ పెట్టాడు. ఆ వెంటనే అందరూ వరసగా పెట్టేశారు. బాబు పొంగిపోయి అదే మ్యాపుని ఫ్లెక్సీ షాపుకి పంపాడు. షాపు సాయికుమార్ వెంటనే ఫోన్ చేశాడు.

"బాబూ, ఇదే ఎయ్యమంటారా?"

"అదే. గీత సన్నగా ఎయ్యకు. రోడ్డు అవతలికి కనబడాల. పైన నా ఫొటో పెట్టు."

"ఇంకోసారి సూసుకుంటారేమోనని..."

"నేను తొక్కిన దారి నాకు తెల్దేటి?"

సాయంత్రం కాశీబుగ్గ బస్టాండు దగ్గర డప్పులు మోగాయి. బస్సు దిగిన జనం, ఎక్కాల్సిన జనం, ఆటోవాళ్లు, జీడి ఫ్యాక్టరీల నుంచి వస్తున్న ఆడవాళ్లు, అందరూ ఆగారు. సుమన్ వనజని ముందు వరసలో నిలబెట్టాడు. నాగేంద్రబాబు జనానికి దండం పెట్టి తాడు లాగాడు.

ముసుగు జారింది.

నవ్వుతున్న ఆయన ఫొటో కింద, ఆయన చెమటోడ్చి తొక్కిన ఎర్రటి గీత, నిలువెత్తు తెలుగు అక్షరాల్లో, 'దొంగ' అని మెరుస్తోంది.