కర్ర చప్పుడు

"టీవీ సౌండు ఎవరు పెంచారు?" అంది అత్తగారు.

"మీరే అత్తయ్యా, పైన చప్పుడు వినపడకూడదని."

"చప్పుడు వినపడుతూనే ఉంది. టీవీయే వినపడటం లేదు!"

నెత్తిమీద టక్, టక్, టక్. పై వాటాలో ఒంటరిగా ఉండే ముసలామె చేతికర్ర అది. ఈ ఇంట్లో ఆమెకు పెట్టుకున్న పేరు టకటకమ్మ.

అత్తగారికి తుంటినొప్పి. అడుగేస్తే ఎక్కడ విరుగుతుందోనని మంచం దిగదు. కునుకు పట్టే వేళకే పైన కర్ర మొదలవుతుంది.

కోడలు విసవిసా మెట్లెక్కింది.

"కర్రకి రబ్బరు బిళ్ళ తొడిగించుకోండి పెద్దమ్మగారూ. కింద మనుషులున్నారు."

"నడవకపోతే కాళ్ళు పడిపోతాయమ్మా." ముసలామె నవ్వింది. "మీ ఆయన ఎముకల బలం చూస్తాడటగా? నావీ ఓసారి చూడమనకూడదూ?"

"ఆయన చూసేది పోయినవాళ్ళవి. మీకింకా టైముంది లెండి."

అన్నాక నాలుక కరుచుకుంది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

అబద్ధమేం కాదు. భర్త పనిచేసే ల్యాబులో, దేహదానం చేసినవారి తొడ ఎముకకు స్కాన్ తీస్తారు. ఎంత బరువుకు విరుగుతుందో కంప్యూటరు ముందే చెబుతుంది. తర్వాత యంత్రంలో పెట్టి నిజంగానే విరిచి, ఆ జోస్యం ఏపాటిదో చూస్తారు.

అతని దిగులల్లా ఒకటే. వచ్చేవన్నీ మగవాళ్ళ ఎముకలు. ముసలి ఆడవాళ్ళవి రావు. అవి లేకుండా, కన్నతల్లి తుంటి గురించి ఆ కంప్యూటరు ఏం చెప్పినా నమ్మలేడు.

మర్నాటి నుంచి కర్ర చప్పుడు ఆగిపోయింది.

"చూశావా? అడగందే అమ్మైనా పెట్టదు. రబ్బరు తొడిగించుకుంది," అంది అత్తగారు.

కూరలకు కూడా ముసలామె కిందికి దిగడం మానేసింది. పనిమనిషే తెచ్చిపెట్టేది. అదెవరికీ పట్టలేదు.

ఏడాది తిరిగాక టకటకమ్మ నిద్రలోనే పోయింది. కోడలు పైకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం, ముగ్గురూ అత్తగారి మంచం దగ్గరే భోజనానికి కూర్చున్నారు.

"రేపు ఒక ఆడమనిషి ఎముక విరుస్తున్నాం," అన్నాడతను కంచంలో వేలితో గీస్తూ.

"ఏ తల్లో, పుణ్యాత్మురాలు," అంది అత్తగారు.

"సుద్దముక్కలా ఉందమ్మా. ఎప్పట్నుంచో మంచం దిగని మనిషిది."

"ఎవరండీ?" అంది కోడలు.

"పైనావిడ."

కోడలి గరిటె గాల్లోనే ఆగింది. "ఆవిడ తిరుగుతూనే ఉండేదిగా! రబ్బరు వేయించుకుని..."

"రబ్బరెక్కడిది? ఆ కర్ర నేను చూశాను. కొన ఉత్త చెక్క."

అత్తగారు తలెత్తి పైకప్పు వైపు చూసింది. పైన ఏ అలికిడీ లేదు.

"విరవొద్దురా," అంది అత్తగారు చివరికి. "దాన్ని విరిస్తే నా కాలి సంగతి తేలుతుందా?"

"ఒక్క ఎముకతో ఏమీ తేలదమ్మా. అయినా విరుస్తాను. నీ కాలి కోసమని ఇచ్చింది."

అతను భార్య వైపు తిరిగాడు.

"నువ్వు ఆ మాటన్న సాయంత్రమే మెట్ల మీద నన్ను ఆపి, తన ఒళ్ళు మాకు రాసిస్తానంది. నీకు మాత్రం చెప్పొద్దంది, అన్నదానికి ఏడుస్తావని."