నాలుగడుగుల రెండంగుళాలు

సరూర్‌నగర్ చెరువు పొంగిన రోజు సాయంత్రం చంటి ఒక పిల్లవాడి చెంప పగలగొట్టాడు.

తప్పు తనదని ఆ తర్వాత కూడా అనుకోలేదు. అది జోరువాన. బండి చక్రాలు సగం మునిగాయి. ఎలాగోలా ఇల్లు చేరదామని వెళ్తుంటే, నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకున్న ఎవడో కుర్రాడు గల్లీ మధ్యలో అడ్డం నిలబడ్డాడు. హారన్ కొట్టినా కదలడు, ఏమిట్రా అంటే పలకడు. పైగా హ్యాండిల్ పట్టుకుని బండిని వెనక్కి నెట్టాడు. జేబులో ఫోను జారి నీళ్లలో పడింది. ఒళ్లు మండి ఒక్కటి పీకి, చంటి వేరే దారిన ఇంటికి పోయాడు.

ఆరుతుందన్న ఆశతో ఆ ఫోనును బియ్యం డబ్బాలో పెట్టాడు. పక్షం రోజులైనా అది అక్కడే ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో చంటిది ఫ్లెక్సీల దుకాణం. గుంటూరు నుంచి వచ్చి ఎనిమిదేళ్లయింది. ఈ చుట్టుపక్కల ఎవరు పుట్టినా, ఎవరికి పదవి వచ్చినా, ఎవరు పోయినా అతని కంప్యూటర్ మీదుగా పోవలసిందే.

వాన పడ్డ పదిహేనో రోజు ఉదయం ఈరమ్మ అనే ఆవిడ దుకాణానికి వచ్చింది. కొంగుముడి విప్పి, ఎప్పుడో రేషన్ కార్డుకు తీయించిన చిన్న ఫోటో బల్ల మీద పెట్టింది.

“మా ఆయన, సీతారాములు. ఎల్లుండి దినాలు. నిలువెత్తు కటౌట్ చెయ్యి బిడ్డా.”

“తల ఒక్కటే ఉంది కదమ్మా.”

“గదొక్కటే ఉంది.”

చంటికి అదేం కొత్త కాదు. పోయినవాళ్లలో సగం మందికి మెడ కింద ఫోటో ఉండదు. అందుకని తయారుగా కొన్ని ఒళ్లు దాచుకున్నాడు. తెల్ల చొక్కా, మడత నలగని ప్యాంటు, చేతికి గడియారం ఉన్న ఆరడుగుల ఒంటిని తీసి, దాని మీద సీతారాములు తల అతికించాడు. పది నిమిషాల పని.

కింద ఇంగ్లీషులో ఒక వరుస కూడా వేశాడు. ‘ఎ మ్యాన్ ఆఫ్ గ్రేట్ స్టేచర్.’ మొన్న వనస్థలిపురంలో ఒక కాలనీ అధ్యక్షుడి పుట్టినరోజుకు వాళ్లే రాసిచ్చిన మాట అది. చంటికి తెగ నచ్చి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ వేసేస్తున్నాడు.

ఈరమ్మ తెర వంక చాలాసేపు చూసింది.

“గీయన ఎవలు?”

“మీ ఆయనేనమ్మా.”

“మొకం ఆయనదే. మనిషి కాదు. మా ఆయన నాలుగడుగుల రెండంగుళాలు.”

చంటి నొచ్చుకున్నాడు. గొప్పగా చూపిస్తుంటే వద్దంటుందేమిటి ఈవిడ?

“ఫ్లెక్సీలో అందరూ కాస్త ఎత్తుగానే ఉంటారమ్మా. అదో గౌరవం.”

“గా ఇంగ్లీషు ఏంది?”

“స్టేచర్ అని. ఒంటి ఎత్తు అని ఒక అర్థం. వస్తే నలుగురూ లేచి నిలబడే పెద్దమనిషికి కూడా వాడతారు. అలా వాడేదే ఎక్కువ.”

“ఆయన ఎత్తూ లేకుండె, ఆయనొస్తె లేచినోళ్లూ లేకుండె. మక్కకంకులు కాల్చి అమ్మెటోడు. తీసెయ్ బిడ్డా. ఎంతుండెనో గంతనే చెయ్. మా గల్లీ మూల మీద నిలబెడ్త.”

“అంత ఖచ్చితంగా ఎందుకమ్మా?”

“ఎత్తు పెంచితె గుర్తుపట్టరు.”

“ఎవరు?”

“ఆయన ఆపినోళ్లు.”

ఈరమ్మ స్టూలు మీద కూర్చుంది.

“చెరువు పొంగిన దినం, నీళ్లు పోవాలని ఎవలో మ్యాన్‌హోల్ మూత తీసిన్రు. మళ్ల వాన పెరిగి గది కనవడకుంట అయింది. కట్టె పెడితె కొట్టుకపోయింది. ఇగ తనే పోయి దాని ముంగట నిలబడ్డడు. పొద్దుగాల నుంచి చీకటి పడెదాక. అందరికి మోకాళ్ల నీళ్లు, ఆయనకు నడుముదాక. రెండో దినం జరమొచ్చింది. దవాఖానల ఐదు దినాలు సుత బతకలే.”

చంటి మౌస్ మీద నుంచి చెయ్యి తీశాడు.

“ఎంతమందిని మళ్లించిండో ఆయనకే తెల్వదు. గా కటౌట్ చూసి ఒక్కరన్న ఆగి, అవ్వా, నన్ను ఆపిండు అంటె చాలు. నాకింకేం వద్దు.”

చంటి ఆరడుగుల ఒంటిని తెర మీంచి తీసేశాడు. పొట్టి ఒళ్లు అతని దగ్గర ఒక్కటీ లేదు. ఉన్నదాన్నే కుదిస్తూ కుదిస్తూ పోయాడు. నాలుగడుగుల రెండంగుళాల దగ్గర ఆపేసరికి, తెర మీద పిల్లవాడిలాంటి మనిషి నిలబడి ఉన్నాడు.

చంటి ఈరమ్మ వైపు తిరిగాడు.

“ఆ రోజు నెత్తిన ఏమన్నా కప్పుకున్నాడా అమ్మా?”

“కంకులు తెచ్చే ప్లాస్టిక్ సంచి.”

“బండ్లవాళ్లకు ఆగమని చెప్పొచ్చు కదా.”

“ఎట్ల చెప్తడు? పొద్దంత అరిచి అరిచి మాపటికి గొంతు పోయింది. ఇగ చేతులతోని నెట్టుడే.”

ఈరమ్మ తెర మీదికి చెయ్యి చాచి, భర్త చెంప మీద వేలు ఆనించింది.

“ఇంటికొచ్చెసరికి గీ చెంప వాసి ఉండె. ఏమైందంటె నవ్విండు. పోయిన గొంతుతోనే చెప్పిండు. ‘ఒక బండాయన నన్ను పోరడనుకున్నట్టున్నడు, ఒక్కటి గుంజిండు. అయితేంది, ఎన్కకు మళ్లిండు గద’ అన్నడు.”

చంటి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“కొట్టింది నేనేనమ్మా,” అన్నాడు. “నన్ను ఆపాడు.”